రక్తపరీక్షలో క్యాల్షియం నార్మల్ వచ్చింది, అమ్మకి డెక్సా స్కాన్ ఇంకా అవసరమా?

మీ అమ్మగారికి 54 ఏళ్లు, నడుంనొప్పి తగ్గట్లేదు, క్యాల్షియం మాత్రం నార్మల్ వచ్చిందన్నారు. అయినా సరే, దయచేసి డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) చేయించండి. అచ్చం అలాంటి రిపోర్టు చూసుకునే మేం మూడేళ్లు ధీమాగా ఉండిపోయాం.

రక్తంలో క్యాల్షియం తగ్గితే గుండెకి, కండరాలకి ఇబ్బంది. అందుకని శరీరం ఎముకల్లోంచి తీసి రక్తంలో సరిచేసుకుంటుంది. ఎముక గుల్లబారుతున్నా రిపోర్టు బాగానే వస్తుంది.

మా అమ్మకి 36 ఏళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీసేశారని, చాలా ఏళ్ల తర్వాత పాత డిశ్చార్జి కాగితం చూస్తేగానీ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అవి తీసేస్తే ఎముకల్ని కాపాడే ఈస్ట్రోజన్ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఎముక అరుగుదల చిన్న వయసులోనే మొదలవుతుంది. గర్భసంచి ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణలే ముందున్నాయని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తేలింది. అందుకే ముందుగా మీ అమ్మగారిని ఈ సంగతి అడగండి. ఉబ్బసానికో కీళ్లనొప్పులకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడారేమో కూడా కనుక్కోండి, వాటివల్ల కూడా ఎముకలు గుల్లబారతాయి.

మా అమ్మ 53వ ఏట వాకిట్లో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. పిండికట్టు వేశారు, క్యాల్షియం నార్మల్ అని పంపేశారు. నిలబడ్డచోట పడినందుకే ఎముక విరిగిందంటే అదే పెద్ద హెచ్చరికని మాకెవరూ చెప్పలేదు. మూడేళ్లకి నీళ్ల బిందె ఎత్తుతుంటే నడుములో కలుక్కుమంది. చూస్తే ఒక వెన్నుపూస నొక్కుకుపోయింది. అప్పుడు తీసిన డెక్సాలో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.4. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు అంటారు. ఈ స్కాన్‌కి కాసేపు కదలకుండా పడుకుంటే చాలు, తీసేటప్పుడు నొప్పేమీ ఉండదు. క్యాంపుల్లో మడమకి పెట్టి చూసే మెషీన్‌తో సరిపెట్టుకోవద్దు, నడుము, తుంటి రెండూ తీయించండి.

అమ్మకి విటమిన్ డి చాలా తక్కువగా ఉంది. ముందు అది సరిచేసి, కిడ్నీ పరీక్ష చూసి, పళ్ల పనేమైనా ఉంటే ముందే చేయించుకోమని చెప్పి, ఎముక అరుగుదలని తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే మందు సెలైన్‌లా ఎక్కించారు. ఏడాదికి ఒకసారి. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే చాలా టెన్షన్ పడ్డాం. మొదటిసారి చాలామందికి వస్తుందట, రెండు రోజుల్లో తగ్గింది. వారానికో మాత్ర కూడా ఉంది, అలెండ్రోనేట్. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు. అమ్మకి గుండెల్లో మంట ఉందని అది వద్దన్నారు. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ రాస్తే మాత్రం వాయిదా తప్పనివ్వకండి, మీ అంతట మీరు ఆపకండి. ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది.

రాగిజావ, పెరుగు, నువ్వులు రోజూ పెట్టండి. కానీ ఇంతదాకా వచ్చాక తిండి, క్యాల్షియం మాత్రలు మాత్రమే సరిపోవు. స్కాన్‌కి వెళ్లేటప్పుడు ఆ పాత ఆపరేషన్ కాగితాలు ఉంటే తప్పకుండా వెతికి పట్టుకెళ్లండి.