ఆ కథలో ప్రయాణం పెట్టింది అత్తగారు

ప్రశ్న: నా వయసు 43. మేం గుంటూరులో ఉంటాం. మావారిది వ్యాపారం. ఒక్కడే బాబు, ఇంటర్ సెకండియర్. రాత్రిళ్లు ఫోన్‌లో ఏం చూస్తున్నాడో కనిపెడదామని వాడి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. అదేదో జపాన్ వాళ్ల అనిమే, అంటే బొమ్మల సీరియల్, పేరు క్లానాడ్. మొహంలో సగం కళ్లే ఉన్న ఓ ఆడపిల్ల స్కూలుకెళ్లే దారిలో ఆగిపోయి, తనకిష్టమైన బన్ను పేరు తనలో తనే చెప్పుకుంటోంది. ఇదేం ప్రేమకథరా, చంటిపిల్లలు చూసేదీ అని నవ్వాను. అక్క పెళ్లికి రమ్మని చెక్కతో స్టార్‌ఫిష్‌లు చెక్కి స్కూల్లో అందరికీ పంచే పిల్ల కథ వచ్చేసరికి నవ్వడం మానేశాను. రెండో భాగంలో హీరో టొమోయా కరెంటు పనిలో చేరి, ఆ బన్ను పిల్ల నాగిసాను పెళ్లి చేసుకున్నాక ఇక ఆగలేకపోయాను. బాబు పడుకున్నాక నేనొక్కదాన్నే మిగతా ఎపిసోడ్లు చూసేశాను. నాగిసా కాన్పులో చనిపోతే ఏడవలేదు, సినిమాల్లో అలాంటివి చాలా చూశాం కదా. కానీ నాయనమ్మ టొమోయాకి వాడి తండ్రి గురించి చెప్పే చోట ఎంత ఏడ్చానంటే, పొద్దున్నకి కళ్లు వాచిపోయాయి. బొమ్మల సినిమాకి ఏడ్చిందని మావారు బంధువుల ముందు కూడా ఎగతాళి చేస్తున్నారు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఇలా అయ్యానేమో. ఇదివరకు ఊళ్లో మామయ్యగారి దగ్గరికైనా వెళ్లొచ్చేదాన్ని. ఆస్తి పంపకాలప్పుడు మాటా మాటా పెరిగి ఆయనకీ మావారికీ నాలుగేళ్లుగా మాటల్లేవు, ఇప్పుడు ఆ పనీ లేదు. నా మనసు బలహీనపడిందా? బాబుని ఇలాంటివి చూడకుండా మాన్పించాలా?
- ఒక సోదరి

జవాబు: మీరు అడిగిన రెండింటికీ ముందు జవాబు చెప్పేస్తాను. మీ మనసుకి ఏమీ కాలేదు. బాబు చూస్తున్నదాంట్లో చెడేమీ లేదు. పరీక్షలయ్యేదాకా ఆదివారాలు మాత్రమే చూడమనండి, రాత్రిపూట ఫోన్ హాల్లో పెట్టమనండి. ఆ రూలు మీకు కూడా.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ మామయ్యగారికి మీరిచ్చిన చోటు రెండు వాక్యాలు. అదీ మీకు పొద్దుపోవడం లేదని చెప్పడానికి. భార్య పోయిన మనిషో కాదో కూడా రాయలేదు. ఒక్కరే ఉంటున్నారా, వంట ఎవరు చేస్తున్నారు, బీపీ మాత్రలు ఎవరు తెచ్చిస్తున్నారు? మీకు తెలుసా? నాకైతే ఈ ఉత్తరమంతా ఆ రెండు వాక్యాల కోసమే రాశారనిపించింది.

ఆ అనిమే నేనూ చూశాను. కంప్యూటర్ గేమ్‌గా 2004లో వచ్చిన కథ. దాన్ని క్యోటో యానిమేషన్ వాళ్లు 2007, 2009 మధ్య రెండు భాగాలుగా టీవీకి తీశారు. మొదటి భాగం చాలా దూరం నాకూ సాగతీతగానే అనిపించింది. చూడని వాళ్ల కోసం ఆ తండ్రి సంగతి చెబుతాను. టొమోయా తల్లి వాడి చిన్నప్పుడే పోయింది. తండ్రి నావోయుకి ఒంటరిగా పెంచుతూ తాగుడుకీ జూదానికీ అలవాటు పడ్డాడు. ఒకరోజు గొడవలో కొడుకు కుడిభుజం దెబ్బతింది. మంచి బాస్కెట్‌బాల్ ఆటగాడు, ఆ చెయ్యి మళ్లీ పైకి లేవలేదు. అప్పటినుంచి ఆ తండ్రి కొడుకుతో పరాయివాడితో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడతాడు. ఒకే ఇంట్లో ఉండి ఆ మర్యాద భరించడం తిట్ల కంటే కష్టం. రెండో భాగంలో తండ్రి అరెస్టవడం వల్ల కొడుక్కి రాబోయే మంచి ఉద్యోగం కూడా పోతుంది. అంటే టొమోయా కోపానికి కారణం లేకపోలేదు. మీవారి కోపానికీ ఉండే ఉంటుంది. పంపకాల్లో ఎవరికి ఎక్కువ వచ్చిందో, ఎవరు ఏ మాటన్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నాగిసా పోయాక టొమోయా ఏం చేశాడో గుర్తుందిగా? కన్నకూతురు ఉషియోను అత్తమామలకు వదిలేసి, అయిదేళ్లపాటు పనిలోనూ తాగుడులోనూ పడిపోయాడు. తను అసహ్యించుకున్న తండ్రి కంటే ఓ మెట్టు కిందకే దిగాడు, ఆ తండ్రి కనీసం కొడుకుని దగ్గర పెట్టుకున్నాడు. ఆ ఎపిసోడ్ గొప్పదనం ఇదే. నాయనమ్మ షినో ఏమంటుంది? నీ తండ్రి కూడా భార్య పోయిన కుర్రాడే, నీ వయసులోనే నిన్ను చేత్తో పట్టుకుని ఈ దారినే వెళ్లాడు, ఉద్యోగాలు పోగొట్టుకున్నా నిన్ను మాత్రం వదల్లేదు అని. మీరు ఏడ్చింది అక్కడ. నాగిసా చావుకు రాని కన్నీళ్లు ఒక ముసలి తండ్రి కోసం వచ్చాయి. దీనికి మనస్తత్వ శాస్త్రం చదవక్కర్లేదు.

మీరు గమనించారో లేదో, టొమోయాను ఆ నాయనమ్మ దాకా తీసుకెళ్లింది ఎవరు? వాడంతట వాడికి బుద్ధి రాలేదు. అత్తగారు సనాయే అందరం కలిసి ఊరెళదామని ఒప్పించి, తీరా ఆ రోజుకి తనూ భర్తా కనిపించకుండా పోయి, తండ్రినీ కూతుర్నీ ఇద్దర్నే పంపింది. అల్లుడికి ఉపదేశాలు చెప్పలేదు. అయిదేళ్లు ఆ పిల్లకి అన్నం పెట్టి, సమయం చూసి ఒక ప్రయాణం పెట్టింది. (ఏడుపొస్తే బాత్రూంలోనో నాన్న గుండెల మీదనో ఏడవాలని అయిదేళ్ల పిల్లకి ఆవిడే నేర్పిందట. అది మాత్రం నాకు నచ్చలేదు. పిల్లలు ఎక్కడ ఏడుపొస్తే అక్కడ ఏడవాలి.) ఆ ప్రయాణం తర్వాతే టొమోయా తండ్రి దగ్గరికెళ్లి, నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు, ఇక మీ అమ్మ దగ్గరికి వెళ్లి విశ్రాంతి తీసుకో అంటాడు.

మీ ఇంట్లో ఆ పని చేయాల్సింది మీరు. నాలుగేళ్లుగా మీరు చేయనిది అదే. మావారికి మాటల్లేవు అన్నారు సరే, మీకెందుకు లేవు? పంపకాల కాగితం మీద మీ సంతకం ఉందా? ఆయన మిమ్మల్ని ఒక్క మాటన్నారా? అని ఉంటే రాసేవారు. కొడుకు అలిగితే కోడలు కూడా గడప దాటకూడదని ఎక్కడుంది? భర్త మాట వినడం వేరు, భర్త కోపాన్ని మనం కూడా మోయడం వేరు. రెండోది విధేయత కాదు, సౌకర్యం. కష్టమైన పని తప్పించుకోవడానికి ఆయన కోపం మీకు అక్కరకొచ్చింది. కటువుగా అంటున్నానని తెలుసు. కానీ కన్నీళ్లు జపాన్ ముసలాయనకిచ్చి, ఊళ్లో ఉన్నాయనకి ఫోను కూడా చేయకపోతే నేనింకేం అనను?

ఇంకో సంగతి. ఆ కథ చివర్లో ఏవో వెలుగులు చేరి, కాలం వెనక్కి తిరిగి, నాగిసా బతికి వస్తుంది. ఏడ్చి ఏడ్చి అలసినవాళ్లకి అది ఊరటే, నేను కాదనను. నాకు మాత్రం అది కథను చులకన చేసిందనిపించింది. మీ మామయ్యగారి విషయంలో అలాంటి వెలుగులేమీ రావు. రేపు ఏదైనా అయితే మీవారు ఎంత ఏడ్చినా ఆ నాలుగేళ్లు వెనక్కి రావు, అప్పుడు ఆయన మొహం చూస్తూ ఉండాల్సింది మీరే.

మీవారిని కూర్చోబెట్టి ఆ ఎపిసోడ్ చూపించే ఆలోచన ఉంటే మానుకోండి. ముందే ఎగతాళి చేస్తున్న మనిషి, ఇది తనకి పాఠం అని తెలిస్తే ఇంకా బిగుసుకుంటాడు. ఎగతాళి గురించి కూడా ఒకసారి, ఇద్దరూ ఉన్నప్పుడు, బంధువుల ముందు అలా అనొద్దని చెప్పండి. నవ్వుతూ చెప్పకండి. ఊరి ప్రయాణం గురించి అనుమతి అడగకండి, దాచనూ దాచకండి. "ఈ ఆదివారం నేనూ బాబూ తాతగారిని చూసొస్తాం, మీరు రావాలని లేదు" అని చెప్పి ఊరుకోండి. అరిస్తే అరవనివ్వండి. బాబుకి చదువు పోతుందంటారు, ఒక్క ఆదివారం అనిమే మానేస్తే సరిపోతుంది.

అక్కడికెళ్లాక పొలం మాట ఎత్తొద్దు. ఆయన ఎత్తితే, అవి మీరూ మీ అబ్బాయీ చూసుకోండి అనండి. కొడుకు తరఫున క్షమాపణలు కూడా చెప్పొద్దు, ఆ పని మీది కాదు. వంటింట్లో ఏమున్నాయో చూడండి, మాత్రల చీటీ అడిగి ఫోటో తీసుకోండి, బాబు నంబరు ఆయన ఫోన్‌లో ఎక్కించమని బాబుకే చెప్పండి. సాయంత్రం బస్సుకే వచ్చేయాలని హడావిడి పెట్టుకోకుండా, రాత్రికి ఉండేలా బట్టలు సర్దుకుని వెళ్లండి.