సమాధానం: పనోరమాలో ముదురు పట్టీ, విరిగిన కొమ్మలు

అమెరికాలోని కొలరాడోలో మెరూన్ బెల్స్ కొండల దగ్గర సెప్టెంబర్ చివర్లో తీసిన పనోరమాలో (పక్కపక్కన తీసిన ఫ్రేములను అతికించి చేసే వెడల్పాటి ఫొటోలో) ఆకాశం మధ్య ముదురు నీలం పట్టీ వచ్చిందనీ, ఒడ్డునున్న ఆస్పెన్ చెట్ల కొమ్మలు ఫ్రేముల అతుకుల దగ్గర విరిగినట్టు కనిపిస్తున్నాయనీ రాశారు. రెండింటికీ కారణాలు వేరండీ.

పట్టీ మీ పోలరైజర్ ఫిల్టర్ వల్లే. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఉన్న ఆకాశాన్ని అది ఎక్కువగా ముదురు చేస్తుంది. మీలా 150 డిగ్రీలు తిప్పి తీస్తే ఆ తేడా బయటపడిపోతుంది. ఆకుల మీది మెరుపు తగ్గించి పసుపును చిక్కగా చూపించే ఫిల్టర్‌ను వదులుకోవడం కష్టమే, అయినా పనోరమాకు తీసేయండి.

కొమ్మల సంగతి పారలాక్స్. కెమెరా తిరిగేటప్పుడు లెన్స్ పక్కకు జరిగితే దగ్గరి కొమ్మ, వెనక కొండ ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోతాయి. నోడల్ రైలు (ట్రైపాడ్ మీద కెమెరాను ముందుకూ వెనక్కీ జరిపే పట్టా) మీద కెమెరాను వెనక్కి జరుపుతూ, దగ్గరి కర్రనూ దూరపు చెట్టునూ ఒకే గీతలో పెట్టి కుడి ఎడమలకు తిప్పి చూడండి. రెండూ విడిపోకపోతే అదే సరైన చోటు. రైలు లేకపోతే దగ్గరి కొమ్మల్ని ఫ్రేములోకి రానివ్వకండి. సరస్సు అవతలి చెట్లకు ఈ సమస్య కనిపించదు.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో ఉంచి, కెమెరాను నిలువుగా పట్టి, ప్రతి ఫ్రేమూ పక్కదానితో మూడో వంతు కలిసేలా తీయండి.

ఇప్పుడున్న ఫైళ్లను పారేయకండి. హగిన్ అనే పనోరమా సాఫ్ట్‌వేర్‌లో మాస్క్ (ఫ్రేములో వద్దనుకున్న భాగాన్ని దాచే హద్దు) గీస్తే ఆ కొమ్మను పూర్తిగా ఒకే ఫ్రేము నుంచి తీసుకోవచ్చు.