శృంగేరి వెళ్ళే ముందు

నరసరావుపేట

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు, అల్లుడుగారు, మీ అత్తగారు బాబుని తీసుకుని శృంగేరి వెళుతున్నారని మీ అమ్మ చెప్పింది. వాడికి శారదమ్మ సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించి, అక్కడి శంకర మఠం పీఠాధిపతులైన జగద్గురువుల దర్శనం చేసుకుని వస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు అక్కడి తుంగ నది ఒడ్డునే తిరుగుతోంది. "పెద్దమ్మా, అక్కడ ఎలా మసలుకోవాలో తెలీదు, టెన్షన్‌గా ఉంది" అన్నావు కదా. ఫోన్లో సగం చెప్పి సగం మరిచిపోతానని రాస్తున్నాను.

ముందుగా ఒక పని చెయ్యి. టికెట్లు తీసుకునే ముందే మఠానికి ఫోన్ చేసి, స్వాములవారు ఆ రోజుల్లో శృంగేరిలోనే ఉన్నారా అని కనుక్కో. విజయయాత్ర మీద వేరే ఊళ్ళలో ఉంటే మీకు గుడి దర్శనం ఒక్కటే దక్కుతుంది. ఆషాఢ పూర్ణిమ నాడు వ్యాసపూజ చేసి చాతుర్మాస్య సంకల్పం చెప్పుకున్నాక భాద్రపద పూర్ణిమ దాకా సన్యాసులు ఆ చోటు విడిచి వెళ్ళరు. ఆ సంకల్పం శృంగేరిలోనే చెప్పుకుంటే ఆ రోజుల్లో వెతుక్కునే పని ఉండదు. కాకపోతే ఆ మలెనాడు కొండల్లో అవి కుండపోత వానల రోజులు, బట్టలు ఆరవు, పసివాడితో కష్టం. శరన్నవరాత్రుల్లో వైభవం చూడాలంటే రెండు కళ్ళూ చాలవు గాని, అప్పుడు గది దొరకడం గగనం. బాబు కోసం వెళుతున్నారు కనుక వానలు వెళ్ళాక, పండగ రద్దీ లేని రోజులు చూసుకోండి. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి దిగుతారు. చివర్లో దారి మెలికలు తిరుగుతుంది, వాడికి ఆ రాత్రి తేలిగ్గా పెట్టు.

ఇక అసలు సంగతి. దర్శనమంటే తీరిగ్గా ఎదురుగా కూర్చుని మన కష్టం చెప్పుకోవచ్చని చాలామంది ఊహించుకుని వెళతారు. నేనూ అలాగే వెళ్ళాను. మీ పెద్దనాన్నకు ఆపరేషన్ అయిన ఏడాది అది. ఏం చెప్పాలో, ఏ మాట తర్వాత ఏ మాట అనాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. వరుసలో నా వంతు వచ్చింది. కాషాయం కట్టుకున్న ఆ మూర్తిని అంత దగ్గరగా చూసేసరికి గొంతు పెగల్లేదు. నమస్కారం చేశాను, చేతిలో మంత్రాక్షతలు పడ్డాయి, వెనకవాళ్ళకు దారి ఇచ్చి పక్కకు జరిగాను. అంతా కలిపి ఒక నిమిషం కూడా కాలేదు. బయటికొచ్చి ఒక చెట్టు కింద కూర్చుని ఏడ్చాను. ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అనిపించింది.

ఆ రాత్రి పూజకు వెళ్ళకుండా ఉంటే ఆ బాధతోనే తిరిగొచ్చేదాన్ని. స్వాములవారు ఉండే గురునివాసంలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో చంద్రమౌళీశ్వర పూజ జరుగుతుంది. ఆదిశంకరుల నుంచి గురుపరంపరగా వస్తున్నదని చెప్పే స్ఫటిక లింగానికి జగద్గురువులే స్వయంగా చేస్తారు. ఒక పక్క వేదం చదువుతుంటారు. ఆ పూజలో మనతో ఎవరూ మాట్లాడరు, మనల్ని ఎవరూ చూడరు. లింగం మీద అభిషేకధార పడుతుంటే, చేసే ఆయన దృష్టి అంతా అక్కడే నిలిచి ఉంటే, చూస్తూ కూర్చున్న నాకు పగలు చెప్పుకోలేకపోయిన బాధ బరువు తగ్గినట్టయింది. ఆపరేషన్ గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. అయినా ఆ రాత్రి నిద్రపట్టింది, చాలా నెలల తర్వాత. అందుకే చెబుతున్నాను, పగటి దర్శనం చూసుకుని సాయంత్రం బస్సుకి టికెట్ తీసుకోకండి. కనీసం ఒక రాత్రి అక్కడ ఉండండి.

మర్యాదలు నువ్వు భయపడుతున్నంత ఏమీ కావు. అల్లుడుగారు పంచె కట్టుకుని ఉత్తరీయం వేసుకోవాలి. గురువుల ఎదుటికి చొక్కా, బనీను వేసుకుని వెళ్ళకూడదు. పంచె కట్టడం అలవాటు లేదంటున్నావు కాబట్టి ఇంట్లోనే నాలుగు రోజులు కట్టించి నడిపించు, జారుతుందేమోనన్న ధ్యాసలో దర్శనం పోగొట్టుకోకుండా. నీకు పట్టుచీరే ఉండాలని లేదు, నూలు చీర చాలు. ఫోన్లు ఆపేసి సంచిలో పెట్టేయండి. ఫొటో తీద్దామని బాబు పేరు చెప్పి అడగొద్దు.

పాదాలు ముట్టుకోకూడదు. ఇది బాగా గుర్తుపెట్టుకో, మీ అత్తగారికి ముందే చెప్పు. పెద్దవాళ్ళను చూస్తే కాళ్ళకు దణ్ణం పెట్టడం మనకు చిన్నప్పటి అలవాటు, చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళిపోతుంది. వాళ్ళ అనుష్ఠానానికి మడి ఉంటుంది, దూరం నుంచే నమస్కారం చెయ్యాలి. మగవాళ్ళు సాష్టాంగం చేస్తారు, మనం మోకాళ్ళ మీద వంగి చేస్తాం. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు కదా, నిలబడి చేతులు జోడిస్తే చాలు, ఎవరూ తప్పు పట్టరు. పళ్ళు, పూలు పళ్ళెంలో పెట్టి అక్కడ ఉంచండి, చేతికి అందించబోవద్దు. మనం నమస్కరిస్తే సన్యాసులు "నారాయణ" అంటారు. మనింట్లో పెద్దవాళ్ళలా దీర్ఘసుమంగళీభవ అనలేదేమిటని ఒకావిడ నా పక్కనే బాధపడింది. ఆశీర్వాదం నారాయణుడిది, తాము ఆయన్ను తలుచుకుంటున్నామని ఆ మాటకు అర్థం. నాకు అంతకంటే పెద్ద దీవెన ఉంటుందని తోచదు.

భాష గురించి దిగులు వద్దు. అక్కడివాళ్ళు పీఠాధిపతి భారతీతీర్థ స్వామివారిని మహాసన్నిధానం అని, ఆయన శిష్యులు, ఉత్తరాధికారి అయిన విధుశేఖర భారతీ స్వామివారిని సన్నిధానం అని అంటారు. ఇద్దరూ మన తెలుగు ఇళ్ళలో పుట్టినవాళ్ళే. మహాసన్నిధానం వారు 1951లో బందరులో పుట్టారు, తంగిరాల వారి అబ్బాయి. వాళ్ళ ఊరు మన నరసరావుపేట దగ్గరి అలుగుమల్లెపాడు. పదిహేనేళ్ళ వయసులో, 1966లో, ఉజ్జయినిలో ఉన్న అప్పటి పీఠాధిపతి అభినవ విద్యాతీర్థ స్వామివారిని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. 1974లో సన్యాసం, 1989లో పీఠం. ఆ ఉజ్జయిని ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా, కన్నతల్లి ఆ రోజు ఎలా తట్టుకుందోనని నాకు అనిపిస్తుంది. సన్నిధానం వారు తిరుపతి కుప్పా వారి ఇంట పుట్టి, 2015 జనవరిలో సన్యాసం తీసుకున్నారు. కాబట్టి అడగవలసింది ఏదైనా ఉంటే తెలుగులోనే అడగవచ్చు. ఒక్క వాక్యంలో ఉండాలి. ఇంట్లో నిత్యపూజ ఎలా చేసుకోవాలి, ఏ స్తోత్రం చదువుకోవాలి, ఇలాంటిది. బాబు జాతకం పట్టుకెళతానని అత్తగారు అన్నారట. వద్దని మెల్లగా చెప్పు, అది అందుకు వెళ్ళే చోటు కాదు. ఏమీ అడగకుండా వచ్చినా లోటేమీ లేదు.

స్వాములవారి అనుగ్రహభాషణం, అంటే ప్రవచనం, వినే అవకాశం వస్తే వదులుకోవద్దు. మహిమలు, వింతలు ఏమీ ఉండవు. చిన్నప్పటి నుంచి విన్న మాటలే వినిపిస్తాయి, ధర్మం తప్పకు, రోజూ దేవుణ్ణి తలుచుకో, తల్లిదండ్రుల్ని చూసుకో అని. తాను నడిచిన దారి గురించి ఒక మనిషి చెబుతుంటే ఆ పాత మాటే వేరుగా తగులుతుంది. బాబు ఏడిస్తే లేచి కాసేపు బయట తిప్పుకురా. అందుకు సిగ్గుపడకు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. పాదపూజ గాని, స్వాములవారి భిక్షకు సమర్పించే భిక్షావందనం గాని చేయించుకోవాలంటే మఠం కౌంటర్లో కట్టి రసీదు తీసుకోండి. దగ్గరి నుంచి దర్శనం చేయిస్తానని బయట ఎవరైనా అంటే ఒక్క రూపాయి ఇవ్వకండి. మనవాళ్ళలోనే ఒకరు అలా ఇచ్చి, చివరికి అందరితో పాటు అదే వరుసలో నిలబడ్డారు. ఏ సేవా చేయించుకోకపోయినా దర్శనం ఉంటుంది, భోజనం కూడా ఉచితంగా పెడతారు. హైదరాబాదులో నీ స్నేహితురాలు పిలిచే సభల సంగతి అడిగావు. ఎక్కడికెళ్ళినా ఇదే చూసుకో. ఇది చెయ్యకపోతే కీడు జరుగుతుందని భయపెట్టినా, నీ స్థోమతకు మించి అడిగినా, ఇంట్లోవాళ్ళకు చెప్పొద్దన్నా, ఆ క్షణమే లేచి వచ్చెయ్యి.

అల్లుడుగారికి స్వాములంటే నమ్మకం లేదన్నావు. బలవంతం చెయ్యకు. విద్యాశంకర ఆలయం చూపించు, పద్నాలుగో శతాబ్దం నాటిది, లోపల పన్నెండు స్తంభాల మీద పన్నెండు రాశులు చెక్కి ఉంటాయి. మెట్ల దగ్గర తుంగలో చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి, అక్కడ వాటిని ఎవరూ పట్టరు. తండ్రీకొడుకులిద్దరినీ అక్కడ వదిలేసి నువ్వు వంతెన దాటి నరసింహవనంలోకి వెళ్ళు. ఆ పోకచెట్ల మధ్య పాత గురువుల అధిష్ఠానాలు, అంటే సమాధి మందిరాలు, ఉన్నాయి. చంద్రశేఖర భారతీ స్వామివారి అధిష్ఠానం దగ్గర ఒక అరగంట ఊరికే కూర్చో. అక్కడ ఎవరూ తొందరపెట్టరు.

మంత్రాక్షతలు కింద పడనీయకు. తలా నాలుగు గింజలు నెత్తిన వేసుకుని, మిగతావి పొడిబట్టలో కట్టి తీసుకురా. మీ పెద్దనాన్న ఇప్పుడు అంత దూరం ప్రయాణం చెయ్యలేరు, ఆయన కోసం అడిగానని గుర్తుపెట్టుకో. బాబు అక్షరాలు దిద్దిన పలక కూడా ఇటు వచ్చేటప్పుడు తీసుకురా, చూడాలని ఉంది.

మీ పెద్దమ్మ