అరికాలి మచ్చ: కోయకుండా ఎంతవరకు తెలుస్తుంది

మీ నాన్నగారి అరికాలి మచ్చ ఫొటో పంపి, అది ప్రమాదమా కాదా అని అడిగారు. ఫోన్ ఫొటోలో తేలకపోవడానికి కారణం ఇది: మచ్చలో రంగు చర్మపు గట్ల మీద ఉందా, గాడుల్లో ఉందా అన్నది మామూలు ఫొటోలో కనబడదు.

1. స్కిన్ డాక్టర్ దగ్గర డెర్మోస్కోపీ చేయించండి. లైటున్న భూతద్దాన్ని చర్మానికి ఆనించి చూస్తారు. కోత, నొప్పి ఉండవు.

2. చాలామంది వదిలేసేది ఇదే. వేలిముద్రల్లా అరికాలికీ గీతలుంటాయి. రంగు గాడుల్లో ఉంటే చాలావరకు మామూలు పుట్టుమచ్చే. గట్ల మీద ఉంటే మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అనుమానం. చెమట రంధ్రాలు తెల్ల చుక్కల్లా వరసగా కనిపించేదే గట్టు. తేడా తెలియకపోతే సిరా రాసి తుడిచి చూస్తారు, అది గాడుల్లో నిలుస్తుంది. ‘గట్ల మీదా, గాడుల్లోనా?’ అని మీరే అడగండి.

3. సందేహం మిగిలితే డెర్మోస్కోపీ ఫొటో తీసి పెట్టి, 3 నెలలకు మళ్లీ తీసి పోలుస్తారు.

4. గట్ల మీద రంగు, పుండు, రక్తం, పెరుగుదల ఉంటే, లేదా 7 మి.మీ. దాటి గాడుల తీరు స్పష్టంగా లేకపోతే ఆగకండి. అక్కడ బయాప్సీయే (చిన్న ముక్క కోసి ల్యాబ్‌లో పరీక్షించడం) తేలుస్తుంది.

మన చర్మపు రంగువాళ్లలో మెలనోమా అరుదే, కానీ వస్తే ఎక్కువగా అరికాళ్లలో, గోళ్ల కిందే. ఆనెకాయ అనుకుని బ్లేడుతో గీకనివ్వకండి, దయచేసి.