అమ్మమ్మలు సంచులు పట్టుకుని కూర్చోవడానికి రాలేదు

ప్రశ్న: నేను కృష్ణా జిల్లాలో డ్రాయింగ్ టీచర్‌ని. ఒక మ్యూజియం వారు నెలకో శనివారం పిల్లలు, పెద్దవాళ్ళు కలిసి పాల్గొనే కళా శిబిరం నడపమన్నారు. మొదటిసారి పిల్లలు బొమ్మలు వేస్తుంటే పెద్దవాళ్ళు వెనక బెంచీల మీద వాళ్ళ సంచులు, నీళ్ళ సీసాలు పట్టుకుని కూర్చున్నారు. ముందుకు వచ్చిన ఒకరిద్దరేమో మనవళ్ళ చేతిలోంచి కుంచె లాక్కుని తామే వేసిపెట్టారు. ఈసారి చూపు లేని ఒక బాబు, చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన కూడా వస్తున్నారు. అందరికీ కలిపి ఏం పని పెట్టాలి?

జవాబు: మీరు తెల్లకాగితాలూ రంగుల పెట్టెలూ ఇచ్చి ఉంటారు. పిల్లలకు అది ఆట. ఎప్పుడో అయిదో తరగతిలో బడి మానేసిన మనిషికి అదే తెల్లకాగితం పరీక్ష హాలు. అందుకే బెంచీ వెతుక్కున్నారు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా పూర్తి చేయలేని పని ఇవ్వండి, ఎవరూ వెనక్కి వెళ్ళరు.

మీ పొరుగునే కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మను ఒకే కర్రలో చెక్కరు. పొణికి అనే తేలికైన కర్రతో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాతే సున్నం పూత, రంగులు. కళాకారుల దగ్గరికి ముందే వెళ్ళి, అతికించని, రంగు వేయని విడి భాగాలు కావాలని చెప్పి చేయించుకోండి. ఎడ్లబండి, రోకలి పోటు వేసే ఆడవాళ్ళు లాంటివైతే మంచిది. ఉలి పని కళాకారుడిదే; పిల్లల చేతికి ఉలి ఇవ్వకండి.

ఇక మక్కు. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, నీళ్ళలో ఉడికించాలి. ఎంత వేగితే పొట్టు ఊడుతుందో, ఏ చిక్కదనం దగ్గర దించాలో మీకూ నాకూ కొలతలు చూస్తే గానీ తెలియదు. ఆ బెంచీల మీది వాళ్ళలో కొందరికి వాసనతోనే తెలుస్తుంది. గొంగళ్ళు నేసేవారు పెట్టే గంజి చింతగింజలదే. తెలంగాణలోని చెరియాలలో కథ చెప్పడానికి బొమ్మలు వేసే పటం గుడ్డకు పట్టించే పూతలోనూ అదే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక శిబిరంలో గరిటె పట్టుకున్న ముసలమ్మ, పొయ్యి మంట తగ్గించమని మా అధికారినే కసిరింది. ఆ పూట నాకు వేరే ఉపన్యాసం అవసరం పడలేదు. వేయించడం, ఉడికించడం మాత్రం ఆరుబయట పెట్టండి. మ్యూజియం గదుల్లో పొయ్యికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

చూపు లేని బాబుకు ఇందులో ప్రత్యేకంగా వేరే పని అక్కర్లేదు. ఎద్దు మెడ ఎక్కడ కాడికి ఆనుతుందో వేళ్ళకే బాగా తెలుస్తుంది, అతికించే పని అతనిది. కాకపోతే గాలరీలో ఉన్న రాతి విగ్రహాలను, కంచు బొమ్మలను తాకనివ్వమని పట్టుబట్టకండి. చేతి చెమటలోని లవణాలు వాటిని నిజంగానే పాడు చేస్తాయి. దానికి బదులు ముట్టుకోవడానికే ఒక పెట్టె సిద్ధం చేయమనండి: నమూనా విగ్రహాలు, తిరగలి, కవ్వం, కత్తిపీట (అంచు మొద్దుబార్చి), ఇత్తడి చెంబు. తిరగలి తిప్పిన చప్పుడు గదిలో అందరికీ వినబడుతుంది, మాటలు వాటంతటవే మొదలవుతాయి.

చక్రాల కుర్చీ పెద్దాయన కోసం బల్ల కింద మోకాళ్ళు పట్టేంత ఖాళీ చూడండి. నేల మీద చాపలు పరిస్తే ఆయనతో పాటు మోకాళ్ళ నొప్పులున్న సగంమంది కూడా దూరమవుతారు. ర్యాంపు లేదని మ్యూజియం వారు నసిగితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపించండి. కళలను దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలని అందులో 29వ సెక్షన్ చెబుతోంది. అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ప్రేగ్‌లో ఆమోదించిన నిర్వచనంలో కూడా మ్యూజియం అందరికీ అందుబాటులో ఉండాలనే ఉంది. కాగితం మీద రాసి ఇవ్వండి. మా పాత ఆఫీసులో నోటి మాట ఏదీ పై అధికారి బల్ల దాకా చేరేది కాదు.

అమ్మమ్మను సొంత మనవడితో జతచేయకండి. ముద్ద కలిపి నోట్లో పెట్టే అలవాటు కుంచె దగ్గరా పోదు. ఇంకొకరి మనవరాలి చేతిలోంచి కుంచె లాక్కోవడానికి ఎవరికైనా కాస్త మొహమాటం ఉంటుంది. ప్రకటనలో కూడా ‘మీ తాతయ్యతో రండి’ అని రాయకండి. తాతయ్య లేని పిల్లలు, మనవలు అమెరికాలో ఉన్న తాతయ్యలు, వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళు ఆ ఒక్క ముక్కతో ఆగిపోతారు.

పేరు చీటీల మీద ఇంటిపేరు వద్దు. మన దగ్గర ఇంటిపేరు చూడగానే కులం లెక్క కట్టేవాళ్ళు ఉన్నారు. మంచినీళ్ళ గ్లాసు దగ్గర ఆ లెక్క బయటపడుతుంది. ‘ఎవరి తాలూకు?’ అని ఎవరైనా ఆరా మొదలుపెడితే, నవ్వుతూనే, ఆ ప్రశ్న ఇక్కడ అడగబోమని అందరి ముందూ చెప్పేయండి. చదువు రానివాళ్ళు ఉంటారు కనుక చీటీ మీద పేరుతో పాటు ఎవరికి వారు ఒక గుర్తు వేసుకోమనండి. మతిమరుపు మొదలైనవారిని ‘గుర్తుందా?’ అని అడగవద్దు. వస్తువు చేతికిచ్చి ‘దీంతో ఏం చేసేవారు?’ అనండి, చేతులే చూపిస్తాయి.

ప్రశ్న: నాకు డెబ్భై దాటాయి, చదువు రాదు, చేతులు వణుకుతాయి. ఈ ఉత్తరం నా మనవరాలు రాస్తోంది. చెరియాల బొమ్మల శిబిరానికి రమ్మంటున్నారు. వెళ్ళి ఏం చేస్తాను? – సిద్దిపేట

జవాబు: వెళ్ళండమ్మా. చెరియాలలో బొమ్మ గీయడానికి చాలా ముందే పని మొదలవుతుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంకనీళ్ళు కలిపి పూత మీద పూత పట్టించాలి. అరచేయంత వెడల్పు కుంచెతో చేసే ఆ పనికి వణుకు అడ్డు రాదు. సన్నని గీతలు మనవరాలికి వదిలేయండి. పటం అంటే ఒకదాని కింద ఒకటిగా సాగే కథ. ఏ గడిలో ఏ ఘట్టం రావాలో చెప్పేవాళ్ళు కావాలి. మీ ఊరి జాతర అయినా సరే, మీ పెళ్ళి అయినా సరే. చదువు సంగతి ఎవరైనా అడిగితే, ఒకప్పుడు ఈ పటాలు ఊరూరా పట్టుకెళ్ళి కథ చెప్పింది అక్షరం చదవలేని జనానికేనని చెప్పండి.

ప్రశ్న: నేనూ ఇలాంటి శిబిరాలే నడుపుతున్నాను. డబ్బు లేదు, సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఒప్పుకోవాలా? – హైదరాబాద్

జవాబు: సర్టిఫికెట్ పెట్టి పొణికి కర్ర కొనలేరు. ఖర్చుల పట్టిక మీరే రాసి పంపండి: మీ పారితోషికం, వచ్చే కళాకారుడి పారితోషికం (ఆయన ఒక రోజు పని మానుకుని వస్తున్నాడు), సరుకులు, సైగల భాష చెప్పేవారి రుసుము, మజ్జిగ. పెద్దవాళ్ళ ఆటో ఖర్చు శిబిరం రోజునే చేతికి ఇవ్వమనండి. బిల్లు పెట్టుకుంటే తర్వాత ఇస్తామన్న చోటికి వాళ్ళు రెండోసారి రారు.