విశాఖ బీచ్‌లో, ఊరి పొలంలో నాణేలు వెతకడానికి తక్కువ ధరలో ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి వాడేది ఎక్కువగా బీచ్‌లో, అప్పుడప్పుడు సొంత పొలంలో. పొలం ఎర్రమట్టి. బడ్జెట్ 25 వేల లోపు. ఆన్‌లైన్‌లో 6 వేలకి "5 మీటర్ల లోతు" అంటున్న మిషన్ తీసుకోవచ్చా అని కూడా అడిగారు. ముందు దాని సంగతి: వద్దు.

రూపాయి బిళ్లంత వస్తువుని ఏ హాబీ డిటెక్టరూ మీటరు లోతులో పట్టదు. మంచి నేలలో 15–20 సెంటీమీటర్లు, అంటే జానెడు. ఎర్రమట్టిలో అందులో సగం వచ్చినా సంతోషమే. ఆ "5 మీటర్లు" డ్రమ్ము లాంటి పెద్ద ఇనప సామాను లెక్క, అదీ ప్రకటనలో. నాణేల పనికి చూడాల్సింది లోతు కాదు, మీ నేలని ఆ మిషన్ తట్టుకుంటుందా లేదా అని.

మీ నేలలు రెండూ పేచీ పెట్టేవే. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, అది ఇల్మెనైట్, మాగ్నెటైట్ లాంటి బరువు ఖనిజాల ఇసుక. అయస్కాంతం పెడితే మీసాల్లా అంటుకుంటుంది. దానికి తోడు ఉప్పునీరు కరెంటుని ప్రవహింపజేస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే మిషన్ ఈ రెంటిలో ఒకదాన్ని సర్దుకోగలదు గానీ, రెండూ కలిసి వస్తే అడుగడుక్కీ కూస్తుంది. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే మిషన్ వాటిని పోల్చి నేల గోలని చాలావరకు తీసేస్తుంది. తడి ఇసుకలో తేడా ఇక్కడే.

అందుకని మీకు నా సలహా మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ 340. తక్కువ ధరలో మల్టీ ఫ్రీక్వెన్సీ ఉన్న మిషన్లలో ఇదొకటి; అమెరికాలో 200 డాలర్ల దగ్గర మొదలైంది, ఇక్కడ సుంకం, రవాణా కలిపి లెక్క వేసుకోండి. నాలుగు ఏఏ సెల్స్, 10×7 అంగుళాల డీడీ కాయిల్ (నేల మీద ఊపే చక్రం; డీడీ అంటే లోపల D ఆకారంలో రెండు తీగ చుట్లు). కాయిల్ నీళ్లలో మునగొచ్చు, పైన ఉన్న డబ్బా మాత్రం తడవకూడదు. మోకాలి లోతు దాటి వెళ్లొద్దు, అల చూసుకోండి.

బీచ్ మానేసి పొలమే అనుకుంటే లెక్క మారుతుంది. నోక్టా సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్ ఒక్కటే ఫ్రీక్వెన్సీ, కానీ గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల గోలకి మిషన్‌ని సర్దడం) మనమే చేసుకోవచ్చు, మొత్తం మిషన్ 3 మీటర్ల నీళ్లలో మునిగినా ఏమీ కాదు. ఎర్రమట్టిలో ఆ గ్రౌండ్ బ్యాలెన్సే ప్రాణం. లోహం లేని చోటు చూసుకుని, బటన్ నొక్కి పట్టి, కాయిల్‌ని నేలకి 3 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య పైకీ కిందకీ ఆడించాలి, శబ్దం అణిగేదాకా. గ్యారెట్ ఏస్ 300 తేలిక, నేర్చుకోవడం సులువు, కానీ గ్రౌండ్ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలో పెట్టిందే. పార్కులకి బాగుంటుంది, మీకు కాదు.

ఇప్పుడు మన నాణేల గొడవ. లోహాన్ని బట్టి మిషన్ తెర మీద ఒక అంకె చూపిస్తుంది. యూట్యూబ్‌లో అమెరికా, ఇంగ్లండ్ వాళ్లు చెప్పే ఆ అంకెలు మనకి పనికిరావు. 1990ల నుంచి మన రూపాయి, అంతకుముందే అర్ధరూపాయి, పావలా స్టెయిన్‌లెస్ స్టీల్‌కి మారాయి. అది అయస్కాంతానికి అంటుకునే రకం. డిటెక్టర్ దాన్ని ఇనుము అనుకుంటుంది, లేదా అంకె ఒకసారి అడుగున, ఒకసారి అందనంత పైన దూకుతుంది. మీరు "ఇనుము వద్దు" అని సెట్ చేసి నడిస్తే ఆ రూపాయిల మీదుగానే నడిచిపోతారు. పాత రాగి-నికెల్ రూపాయి, ఇత్తడి రంగు 5 రూపాయలు, అల్యూమినియం పైసలు, కంచు కానీలు మాత్రం నిలకడగా పలుకుతాయి.

మిషన్ రాగానే ఇంట్లో ఈ పని చేయండి. కొత్త రూపాయి, ఇత్తడి 5, పాత పెద్ద రూపాయి, అల్యూమినియం 10 పైసలు, దొరికితే 1943–47 నాటి చిల్లుకానీ తీసుకోండి. వాటితో పాటు ఒక సోడా మూత, మాత్రల అట్ట ముక్క, మేకు. ఇనప మంచానికి దూరంగా, కాయిల్ ముందు ఒక్కోదాన్ని జానెడు దూరంలో ఆడించి అంకె రాసుకోండి. తర్వాత అవే పెరట్లో 5, 10, 15 సెంటీమీటర్ల లోతులో పాతి మళ్లీ చూడండి. ఈ చీటీ ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

బీచ్‌లో ఎక్కువ మోసం చేసేది సీసా మూతే. డీడీ కాయిల్‌కి అది అచ్చం నాణెంలా వినిపిస్తుంది. గుర్తుపట్టే కిటుకు: కాయిల్‌ని మెల్లగా పక్కకి జరుపుతూ అంచు మాత్రమే దాని మీద ఆడించండి. మూతైతే శబ్దం బొంగురుపోయి ఇనుములోకి జారుతుంది. నాణెమైతే సన్నబడి ఆగిపోతుంది. అడ్డంగా తిరిగి 90 డిగ్రీల్లో ఇంకోసారి ఊపండి, రెండు వైపులా అంకె ఒకటే వస్తే తవ్వండి. స్టీల్ రూపాయి ఈ పరీక్షలో కూడా బొంకుతుంది, దానికి మందు లేదు.

పిచ్చి కూతలకి మిషన్‌ని తిట్టేముందు చూడాల్సినవి: కాయిల్ వైరు రాడ్‌కి బిగుతుగా చుట్టి ఉందా (ఊగితే దానికదే మోగుతుంది), కాయిల్ కవర్ లోపల నల్ల ఇసుక చేరిందా, ఫోన్ జేబులో ఉందా, పైన కరెంటు తీగలున్నాయా. తర్వాతే సెన్సిటివిటీ రెండు గీతలు తగ్గించండి. పూర్తిగా పెట్టి గోల వినడం కంటే తగ్గించి నిశ్శబ్దంగా నడిచినప్పుడే లోతు నాణేలు వినిపిస్తాయి. కాయిల్ నేలకి రెండు వేళ్ల ఎత్తులో, ఊపు చివర్లో పైకి లేవకుండా.

డబ్బంతా మిషన్ మీదే పెట్టకండి. పిన్‌పాయింటర్ (తవ్విన గుంటలో నాణెం ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) ఒకటి కావాలి, పేరున్నవాటికి నకిలీలు ఎక్కువ, సీరియల్ నంబర్ కంపెనీతో సరిచూసుకోండి. పొడి ఇసుకకి ప్రత్యేకమైన స్కూప్ అక్కర్లేదు, మేస్త్రీలు వాడే జల్లెడలో 10–12 మిల్లీమీటర్ల కన్నులున్నది చాలు. ఆఖరున వచ్చిన చిన్న అర్ధరూపాయే 19 మిల్లీమీటర్లు, జారిపోదు.

సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే కాయిల్ బోల్టు దూరే చెవులు పగిలాయా, సెల్స్ గూట్లో పచ్చటి చిలుము ఉందా చూడండి. కాయిల్ దగ్గర వైరు వంచుతూ నాణెం ఆడించండి. శబ్దం తెగితే కాయిల్ పోయినట్టే, కొత్తది మిషన్ ధరలో పెద్ద భాగం తినేస్తుంది.

చట్టం మాట తేలిగ్గా తీసుకోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది: నేలలో దాగిన విలువైనది 10 రూపాయలకి మించి దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, దాస్తే ఏడాది దాకా జైలు. మీ సొంత పొలమైనా అంతే. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద పురావస్తువు. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ లాంటి పాత బౌద్ధ స్థలాల చుట్టుపక్కలకి మిషన్ పట్టుకుని పోనే వద్దు. ఊళ్లో కూడా పగటిపూట, పక్క రైతులకి చెప్పి వెతకండి. రాత్రి టార్చితో కనిపిస్తే గుప్తనిధుల ముఠా అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. పాత రాగినాణెం బియ్యాన్ని లాగుతుంది, కోట్లు వస్తాయి అని ఎవరైనా "రైస్ పుల్లింగ్" మోసం మొదలుపెడితే ఫోన్ పెట్టేయండి.

దొరికిన కంచు బిళ్లని చింతపండుతో తోమకండి. ఆ ముదురు రంగు పోతే సేకరించేవాళ్లు ముట్టుకోరు. మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో మట్టి మాత్రం తీయండి.