నియాన్ టెట్రాలు మూల వదలడం లేదు, మందు వేయాలా?

ప్రశ్న: రెండడుగుల గాజు తొట్టి కొని, నీళ్లు నింపిన మర్నాడే ఆరు నియాన్ టెట్రాలు, ఒక ఏంజెల్ ఫిష్ వదిలాం. వారం తిరక్కుండా రెండు టెట్రాలు చచ్చిపోయాయి. మిగతా నాలుగూ రంగు వెలిసి ఫిల్టర్ వెనక నక్కి ఉంటున్నాయి, మేత ముట్టడం లేదు. ఏ మందు వాడాలి? ఇంకో నాలుగు తెచ్చి వేస్తే బెదురు పోతుందా?

జవాబు: మందు వద్దండి, కొత్త చేపలూ ఇప్పుడే వద్దు. మీరు అనుకున్నది నిజమే, నియాన్లు గుంపుగా బతికే జాతి, ఆరుకు తగ్గితే బెదిరిపోతాయి, పది ఉంటే వాటంతటవే తొట్టి మధ్యకు వచ్చి తిరుగుతాయి. కానీ పదింటిని భరించే స్థితికి మీ నీళ్లు ఇంకా రాలేదు. చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌లో కుదురుకోవడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, మీరేమో మర్నాడే చేపలు వదిలేశారు! నీళ్లు ఎంత తేటగా ఉన్నా అమ్మోనియా కంటికి కనపడదు, టెస్ట్ కిట్‌తో చూడాల్సిందే.

అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కాస్త కనిపించినా రోజూ పావు వంతు నీళ్లు తీసి, యాంటీ క్లోరిన్ (కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను పోగొట్టే ద్రావణం) కలిపిన, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. 22–26 డిగ్రీల మధ్య ఉంటే చాలు. మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. స్పాంజ్‌ను కుళాయి కింద కడిగారంటే పెరుగుతున్న బ్యాక్టీరియా కాస్తా పోతుంది, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఏంజెల్ ఫిష్‌ను మాత్రం వేరే తొట్టికి మార్చేయండి. ఇప్పుడు చిన్నదే కావచ్చు, పెరిగాక దాని నోట్లో పట్టే నియాన్ ఏదైనా దానికి మేతే.

రంగు సంగతికొస్తే, రాత్రి చీకట్లో నియాన్లు వెలిసినట్టు ఉండటం సహజం, లైటు వేసిన కాసేపటికి నీలం గీత మళ్లీ మెరుస్తుంది. పగలు కూడా పాలిపోయి, కండలో తెల్లటి మచ్చలు, వెన్ను వంకర కనిపిస్తే అది నియాన్ టెట్రా జబ్బు కావచ్చు. ప్లీస్టోఫోరా అనే సూక్ష్మ పరాన్నజీవి వల్ల వస్తుంది, నమ్మకమైన మందు లేదు, ఆ చేపను వెంటనే వేరు చేయాలి. మీరు రంగు వెలవడం చెప్పారు గానీ తెల్లటి మచ్చలు, వెన్ను వంకర చెప్పలేదు కాబట్టి టెన్షన్ పడకండి.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరసగా వారం పాటు సున్నా చూపించాక మూడేసి చొప్పున నియాన్లనే తెచ్చి పది చేయండి. తలా రెండు చొప్పున అయిదు జాతులు కలిపితే చూడ్డానికి బాగుంటుందనుకుంటారు గానీ, ఒక్క జాతీ గుంపు కట్టదు. టైగర్ బార్బ్‌లు అసలే వద్దు, రెక్కలు కొరుకుతాయి.